శరత్తును కుట్టిన బొంతలు – ఒక విమర్శ

కావ్యమునకు విమర్శ కలదు. చిత్రమునకు, శిల్పమునకు, నాటకమునకు విమర్శ కలదు. మనము పుట్టిన నాటి రాత్రి మొదలుకొని మనలను కప్పుచు వచ్చిన బొంతకు మాత్రము విమర్శ లేదు. దానిని గూర్చి మన జనులు చెప్పిన తీర్పు ఒక్క సామెతలో నున్నది: గంతకు తగ్గ బొంత. పనికిమాలిన రెండు వస్తువులు ఒకదానికొకటి కుదిరినవని ఎగతాళి చేయుటకే ఆ మాటను వాడుదుము. సామెత చమత్కారమైనదే. తీర్పుగా మాత్రము అది అన్యాయము.

మేము పెద్ద చదువులు చదివినవారము కాము. సూది పట్టినవారమును కాము. అయినను బొంతను కప్పుకొన్నవారము. వంట చేయనివాడు కూరలో ఉప్పు చాలలేదని చెప్పవచ్చునేని, కుట్టనివాడు బొంతను గూర్చి నాలుగు మాటలు చెప్పుట తప్పు కానేరదు. ఈ సంచికను చదువు కుటుంబములలో సూది పట్టు చేతులు ఇంకను కలవు. ఆ చేతులకు ఈ మాటలు పనికివచ్చిన చాలును.

శరదృతువును చూపదలచి కుట్టిన బొంతలే ఈ వ్యాసమునకు విషయము. ఇవి ఇటీవల అంగళ్లలోను, మన యిండ్లలోను కనబడుచున్నవి. నారింజ, ఎఱుపు, గోధుమ రంగుల గుడ్డలను మేపుల్ ఆకు ఆకారమున అమర్చి, మూలలందు గుమ్మడికాయలను, కాయ పట్టుకొన్న ఉడుతలను కుట్టి, వానిని శరత్కాలపు బొంతలని పిలుచుచున్నారు. చూచుటకు ముచ్చటగానే యున్నవి. అయినను ఇది ఎవరి శరత్తు, ఏ పెరటిలో కనబడిన ఉడుత యని అడుగవలసి యున్నది. 

మొదట బొంత యనగా నేమో నిర్ణయించుకొందము. వాడి మెత్తబడిన చీరలను, పంచెలను ఉతికి ఆరవేసి, పొరమీద పొరగా పరచి, పైన గుడ్డముక్కల నమర్చి, సూదిని పైకి క్రిందికి ఎక్కించి దింపుచు వరుస వెంట వరుసగా సాదా కుట్టు వేసినచో బొంత యగును. ఆ కుట్టు అలంకారము కొఱకు పుట్టినది కాదు. పొరలు జరుగకుండ పట్టి యుంచుట దాని పని. వరుసలు దగ్గరగా నున్నకొలది బొంత గట్టిపడును. దూరమైనకొలది మెత్తగా నుండును. పసిబిడ్డ క్రింద పరచునది యొక విధముగను, పెద్దవారు చలికి కప్పుకొనునది మఱియొక విధముగను కుట్టుట యీ కారణము చేతనే. కన్నడ దేశమున దీనిని కౌది యందురు. మహారాష్ట్రమున గోధడి యందురు. ఒడిశాలోను, వంగదేశములోను కంథా యందురు. యానాములో బొంత బొంతయే. పేరు మారినను పని యొక్కటే: పాతబట్టను పారవేయక దానికి రెండవ జన్మ నిచ్చుట.

ఈ కళలో నెంత క్రమము గలదో తెలియుటకు ఒక్క యుదాహరణము చాలును. కర్ణాటకములోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలు నివసించుచున్నారు. వారి స్త్రీలు కుట్టు బొంతకు కవంది యని పేరు. వారు ఒక మూల మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టివచ్చి, చుట్టు వెనుక చుట్టుగా నడుమకు చేరుదురు. చేతికందిన ముక్కలలో ఏది ఎచ్చట తగునో కన్నే నిర్ణయించును. మూలలందు చిన్న గుడ్డముక్కలను మడిచి, పొరలు పేర్చి, పూవులవలె కుట్టుదురు. ఆ పూవులు లేని బొంత వారి దృష్టిలో నిండుదనము లేనిది. ఇంతటి నియమము గల పనిని పనికిమాలినదని యెవరనగలరు?

ఇక మేపుల్ ఆకు నమూనా పుట్టిన చోటికి, అనగా అమెరికాకు పోవుదము. అక్కడివారి బొంతకళను మేము తక్కువ చేయము. ఆ ఆకు నమూనా మిక్కిలి తెలివైనది. ఒక చతురస్రమును అడ్డముగా మూడు, నిలువుగా మూడు చొప్పున తొమ్మిది గళ్లుగా విభజింతురు. మూడు గళ్లు నిండుగా ఆకు రంగు. నాలుగు గళ్లు మూల నుండి మూలకు చీలి, సగము ఆకు రంగు, సగము నేల రంగు. ఒక గడి పూర్తిగా నేల రంగు. మిగిలిన గడిలో ఏటవాలుగా కాడ. వంపు గీత యొక్కటియు లేదు. అయినను దూరము నుండి చూచినచో మొనలు దేలిన ఆకు కంటికి కట్టును. తక్కువ గీతలతో ఎక్కువ చెప్పుట కవికైనను, బొంత కుట్టు నామెకైనను గొప్ప గుణమే.

అంతకంటె ముఖ్యమైనది వారి నమూనాల పేర్లలో నున్నది. త్రికోణములను బారుగా పేర్చిన నమూనాకు ‘ఎగురు పెద్దబాతులు’ అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. నాలుగు గోళ్ల గుర్తు గల మఱియొక నమూనాను ‘ఎలుగుబంటి పాదము’ అనిరి. చలి రాకముందు ఉత్తరము నుండి దక్షిణమునకు బారులు తీర్చి పోవు పెద్దబాతులను ఆ స్త్రీలు తమ వాకిట నిలిచి తలయెత్తి చూచినవారు. ఎలుగుబంటి వారి పొలిమేర అడవిలోని జంతువు. పెరటిలో రాలిన ఎఱ్ఱని ఆకు వారి కాలి క్రింద నలిగిన ఆకు. అలబామా రాష్ట్రములోని గీస్ బెండ్ అను పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలము పనిలో అరిగిన బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ నగరమునందును, పిమ్మట న్యూయార్కునందును గొప్ప చిత్రశాలలలో గోడలకు వ్రేలాడదీసిరి. 2006లో వాని బొమ్మలతో తపాలా బిళ్లలు వెలువడినవి. ఆ బొంతల గొప్పతనము వానిని కుట్టినవారి బ్రతుకు వానిలో నుండుటయే.

ఈ కొలతతోనే మన యిండ్లలోనికి వచ్చిన మేపుల్ ఆకు బొంతను పరీక్షింపవలెను. దానిలోని తప్పు కుట్టులో లేదు, మాటలో నున్నది. ఆంగ్లేయుల ‘ఆటం’ అను పదమునకు మన నిఘంటువులు శరదృతువని యొక యర్థమును, ఆకురాలు కాలమని మఱియొక యర్థమును చెప్పుచు వచ్చినవి. ఇంగ్లండులోను, అమెరికాలోను ఈ రెండును ఒక్కటే. మన దేశమున ఇవి రెండును వేఱు. శరత్తు ఆశ్వయుజ కార్తికములు. ఆకు రాలునది శిశిరము, అనగా మాఘ ఫాల్గునములు. నడుమ హేమంత మను ఋతువొకటి అడ్డుగా నున్నది. నమూనా పుస్తకములను చూచి కుట్టువారు ఒక మాటను రెండుగా విడదీయుట మఱచి, మన శరత్తుపై పరాయి శిశిరమును కప్పుచున్నారు.

ఆకు రంగు మారుటకు కారణము తెలిసినచో ఈ భేదము మఱింత స్పష్టమగును. చలిదేశములలో పగలు కురుచయై చలి ముదురగానే చెట్టు ఆకులోని పచ్చని పదార్థమును విఱిచి లోనికి తీసికొనును. అంతవఱకు పచ్చదనము మాటున నున్న పసుపు అప్పుడు బయటపడును. కొన్ని చెట్లలో ఎఱ్ఱని రంగు క్రొత్తగా పుట్టును. అది చలికి ఆ చెట్టు చెప్పు సమాధానము. మన దేశములో కాశ్మీరపు చినారు చెట్టు మాత్రము అక్టోబరు నవంబరులలో ఎఱ్ఱబడును. దక్షిణాపథపు చెట్లలో పెక్కు ఆకు రాల్చునది ఎండ ముదురక ముందు నీటిని దాచుకొనుటకు. బూరుగు, మోదుగ మాఘ ఫాల్గునములలో మోడువారును. వేప యాకు రాల్చి ఉగాదికి క్రొత్త చిగురు తొడుగును. పెరటిలోని నాటు బాదము ఆకు రాలుటకు ముందు నిండు ఎఱుపు రంగు తాల్చును. ఎఱ్ఱని ఆకు బొంత కావలసినవారికి ఆ బాదమాకు చాలదా? అయితే దానిని శిశిరపు బొంత యనవలెను.

మఱి మన శరత్తు ఎట్టిది? ప్రాచీనులు దీనిని బాగుగా ఎఱిగిరి. కాళిదాసుని ఋతుసంహారములో మూడవ సర్గ శరద్వర్ణనము. పోతన భాగవతమున దశమస్కంధములో వర్షము తరువాత శరత్తును వర్ణించెను. అరణ్యపర్వమున నన్నయ రచన శరద్రాత్రుల వర్ణనముతో ఆగినదని మన సంప్రదాయము చెప్పును. అనగా ఆదికవి కలము శరత్తునొద్ద నిలిచిపోయినది. వీరి శరత్తులో ప్రధానమైనది కడిగిన ఆకసము, తేరిన నీరు, తెల్లని వెన్నెల, ఏటి యొడ్డున తెల్లగా పూచిన రెల్లు. అది తెలుపు ముఖ్యముగా గల ఋతువు. నారింజ రంగు దానిలో లేకపోలేదు; కాని అది యెక్కడ నున్నదో చూడవలెను. పారిజాతపు పూరేకులు తెలుపు, కాడ నారింజ. రాత్రి విచ్చి తెల్లవారుసరికి ఆ పూవు నేల రాలును. మన శరత్తులో పెరటి నిండ రాలునది ఈ పూవే. ఆ కాడలతో పూర్వము పట్టుబట్టలకు రంగు వేసెడివారు. దాని రేకులు గాలిరాట్నపు రెక్కలవలె ఒక వైపునకు వంగియుండును. గుడ్డముక్కలతో కుట్టుటకు దీనికంటె అనువైన పూవు మఱియొకటి లేదని మా యభిప్రాయము.

తెలంగాణపు శరత్తుకు వేఱు రంగులు గలవు. భాద్రపద అమావాస్య మొదలు బతుకమ్మను పేర్చు దినములలో తంగేడు పసుపుగను, గునుగు తెలుపు గులాబి కలిసిన రంగుతోను, బంతి ముదురు పసుపుగను పూచును. షోలాపురము, భివండి, ముంబాయిలలో నేతపని చేయుచు స్థిరపడిన మన కుటుంబములవారు అక్కడను బతుకమ్మను పేర్చుచున్నారు. అంచు నుండి మొదలుపెట్టి, చుట్టు వెనుక చుట్టుగా, రంగు మార్చి రంగు పేర్చుచు నడుమకు చేరు ఆ పద్ధతిని పైన చెప్పిన కవంది కుట్టుతో పోల్చి చూడుడు. పూలతో చేయు పనిని గుడ్డతో చేసినచో శరత్కాలపు బొంత సిద్ధమగును. ఆ చేతులకు దూరదేశపు నమూనా పుస్తకము అక్కరలేదు.

శరత్తు మనము నివసించు చోట్లన్నిటను ఒక్కటే యనుటయు పొరపాటే. షోలాపురములో ఆశ్వయుజమునకు ఆకసము తేరి గాలి పొడిబారును. చెన్నైలో అక్టోబరు నుండి డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనపు వానకాలము. అక్కడి శరత్తు గొడుగు క్రింది శరత్తు. బరంపురమునకును, యానామునకును ఇది తుపానుల కాలము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను బరంపురమునకు సమీపమున గోపాలపురము వద్ద తీరము దాటినది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కాకినాడ యానాము ప్రాంతమును పాడుచేసినది. పైకప్పు ఎగిరిపోయిన రాత్రి బొంత విలువ తెలిసిన ఊళ్లు అవి. కావున మన కందఱకు ఒకే శరత్కాలపు నమూనా నిర్ణయించుట మా యుద్దేశము కాదు. ఎవరి పెరటిని వారు చూడవలెననియే మా వాదము.

పెరడనగా చెట్లు మాత్రమే కాదు. అందు తిరుగు ప్రాణులును. ఈ బొంతల మూలలో కూర్చున్న ఉడుతను చూడుడు. గుబురు తోక, బూడిద రంగు, చేతిలో ఓకు చెట్టు కాయ. దాని వీపున చారలు లేవు. మన యుడుతకు వీపుపై మూడు తెల్లని చారలు. శ్రీరాముని వ్రేళ్ల గుర్తులని పిల్లవానికి కూడ తెలియును. ఉత్తరదేశమున ఐదు చారల జాతియు గలదు. చారలను లెక్కించియే ఏ ప్రాంతపు ఉడుతయో కొంత చెప్పవచ్చును. మూడు చారలను కుట్టుటకు తెల్లదారముతో మూడు వరుసల సాదా కుట్టు చాలును. బొంతకు సహజమైన కుట్టే ఉడుతకు సహజమైన గుర్తు. చేతిలోనే యున్న ఇంత సులభమైన మార్గమును విడిచి చారలు లేని యుడుతను తెచ్చుట చూడకపోవుటకు నిదర్శనము గాని నేర్పు లేకపోవుటకు గాదు.

శరత్తుతో వచ్చు పక్షులలో మొదటిది కాటుకపిట్ట. సంస్కృత కవుల ఖంజనము ఇదియే. వానలు తగ్గగానే ఉత్తరము నుండి వచ్చి, తోక నాడించుచు వాకిట, మేడమీద, చెఱువు గట్టున పరుగులు తీయును. పెరడు లేని మేడ యిండ్లవారికి కూడ ఇది కనబడును. నలుపు తెలుపు తప్ప దానికి వేఱు రంగు అక్కరలేదు. నల్లని ముక్కయు తెల్లని ముక్కయు ప్రక్కప్రక్కన పెట్టి కుట్టుట బొంతపనిలో మొదటి పాఠము. ఆ పాఠముతోనే శరత్తు దూతను కుట్టవచ్చును.

రెండవది పాలపిట్ట. విజయదశమినాడు దీనిని చూచుట శుభమని మనవారు పొలిమేర దాటి పోవుట యాచారము. కర్ణాటకము, ఒడిశా, తెలంగాణము ఈ మూడును దీనినే తమ రాష్ట్రపక్షిగా గైకొన్నవి. తీగమీద కూర్చున్నప్పుడు ఇది మసక గోధుమరంగు పక్షివలె నుండును. రెక్క విప్పినంతనే లేత నీలము, ముదురు నీలము మెఱయును. అంగడి గుడ్డలపై దీనిని ఎల్లప్పుడు రెక్క ముడిచి కూర్చున్న నీలిపక్షిగా అచ్చువేయుదురు. ఇది పక్షిని చూడక పేరును మాత్రము విన్నవారి పని. బొంతకు రెండు ముఖములున్నవని మఱువరాదు. పైముఖము గోధుమ, మన్ను రంగులతోను, అడుగుముఖము రెండు నీలములతోను కుట్టినచో, పరచినప్పుడు సామాన్యముగా నుండి, ఉదయమున విదిల్చినప్పుడు నీలము ఎగయును. పాలపిట్ట గుణము పట్టుబడును. బొమ్మ గీయకయే పక్షిని చూపుట యనగా నిట్టిది.

దర్జీపిట్టను విడిచిన ఈ వ్యాసము కృతఘ్నమగును. పిడికెడైనను లేని ఆ పిట్ట ఆకుల అంచులను ముక్కుతో పొడిచి, సాలెగూటి దారమును, దూది పోగులను ఆ రంధ్రములలో దూర్చి, ఆకులను దోనెవలె కుట్టి గూడు కట్టును. మనము వేయు ముడి అది వేయదు. పోగు కొన ఉబ్బి రంధ్రము వద్ద తట్టుకొని నిలుచును. కుండీలోని మొక్కకు కూడ అది గూడు కట్టును. తూనీగలను గూర్చియు ఒక మాట. వానలు వెనుకబట్టు దినములలో వాకిట గుంపులుగా ఎగురు పసుపు తూనీగలు మాల్దీవుల మీదుగా హిందూమహాసముద్రమును దాటి ఆఫ్రికా వైపు పోవుచున్నవని 2009లో ప్రకటితమైన ఒక పరిశోధన సూచించినది. మన పిల్లలు తోకకు దారము కట్టి ఆడుకొను తూనీగకు అంతటి ప్రయాణము గలదు. ఎక్కడి నుండియో వచ్చి ఎక్కడనో స్థిరపడినవారమైన మనకు ఇది తెలియదగిన సంగతి.

ఇచ్చట ఒక యాక్షేపణ రావచ్చును. కళకు ఎల్లలు లేవు గదా, పరాయి నమూనాను తెచ్చుకొన్న తప్పేమి యని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. పాశ్చాత్యుల బొంతలకును మన తెలుగు తీరమునకును పూర్వసంబంధము గలదు. మచిలీపట్నము మొదలైన కోరమండల తీరపు రేవుల నుండి అద్దకపు బట్టలు ఓడలకెక్కి ఐరోపాకు పోయెడివి. వానికి అక్కడ ఎంత గిరాకి కలిగినదనగా, తమ నేతగాండ్ర జీవనము పోవుచున్నదని ఇంగ్లండు 1700లోను, మరల 1720లోను శాసనములు చేసి వానిని నిషేధించినది. ఆ బట్టలమీది పూలను, పక్షులను, చెట్లను కత్తెరతో కత్తిరించి, తెల్లని గుడ్డపై కుట్టి ఆ స్త్రీలు బొంతలు చేసిరి. ఆ విధముగా మన అద్దకపు పూవు వారి మంచమునకు చేరినది. మన దేశపు మామిడిపిందె కాశ్మీరు శాలువల వెంట స్కాట్లండుకు పోయి పేస్లీ యను నేతపట్టణపు పేరుతో తిరిగి వచ్చినది. కావున నమూనాల రాకపోకలను మేము తప్పు పట్టము.

అయినను వారు చేసిన పనిని గమనింపుడు. ఖరీదైన బట్టలో మిగిలిన కొద్ది పూవులను వృథా చేయక తమ అక్కరకు తగినట్లు మలచుకొనిరి. మన అంగడి మేపుల్ బొంతలో అట్టి అక్కర యేదియు లేదు. నేటి పాత వాటము బొంతలలో చాల వానిలో పాతబట్ట కూడ లేదు. క్రొత్త మిల్లుగుడ్డను కావలెనని ముక్కలుగా కత్తిరించి మరల అతుకుచున్నారు. దీనివలన కుట్టు స్త్రీలకు కూలి దొరకుచున్నది. ఆ కూలిని మేము కాదనము. కాని కూలి దొరకుట వేఱు, కళ నిలుచుట వేఱు. తాత పంచె, అమ్మమ్మ ఇల్కల్ చీర, పిల్లవాని లాగు ఒకచోట చేరినప్పుడే బొంతకు కుటుంబపు వంశవృక్ష మను గౌరవము కలుగును. మిల్లుగుడ్డకు ఆ జ్ఞాపకము లేదు.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు అక్కడి ఎఱ్ఱని ఆకును చూచి మేపుల్ బొంత కుట్టి పంపినచో దానిని మేము మనసారా మెచ్చుకొందుము. అది వారి పెరటి ఆకు. అందులో వారి తల్లి చీరముక్క యొకటి చేరినచో మఱియు మేలు. ఇదే కొలతను మన మీదను పెట్టుకొనవలెను. మన సంఘముల సంచికలలోను, ప్రదర్శనములలోను తెలుగుదన మనగానే గోదావరి పడవ, కోనసీమ కొబ్బరిచెట్టు వేయుట పరిపాటి యైనది. నాలుగు తరములుగా హుబ్బళ్లిలోనో, షోలాపురములోనో ఉన్నవారికి గోదావరి పడవ మేపుల్ ఆకువలెనే విన్న వస్తువు గాని కన్న వస్తువు గాదు. దానిని ప్రేమించుట మంచిదే. తన పెరటిని చూడకుండ దానిని మాత్రమే కుట్టుట కళ కాదు. మన ముందున్న వేపచెట్టు, దానిపై నున్న ఉడుత తెలుగు మాటకు తక్కువ తగినవా?

ఈ విషయము బొంతలతో ముగియునది కాదు. ఉడుతను తమిళమున అణిల్ అందురు, కన్నడమున అళిలు, మరాఠీలో ఖార్, ఒడియాలో గుండుచి. మన పిల్లలు బడిలో ఈ పేర్లను నేర్చుకొనుచున్నారు, నేర్చుకొనవలసినదే. ఇంటిలో ఉడుత యను మాట పలుకు సందర్భమే లేకపోయినచో ఆ మాట యెట్లు నిలుచును? భాష సభలలో చేయు తీర్మానములతో నిలువదు. ‘ఆ నల్లముక్క ఇటు ఇయ్యి, కాటుకపిట్ట తోకకు కావలెను’ అని అమ్మమ్మ మనుమరాలితో అన్నప్పుడు నిలుచును. నలుగురు కూర్చుండి వారముల తరబడి కుట్టు పనిలో ఇట్టి మాటలు వందలు దొరలును. అంచు, పొర, పోగు, వరుస, అతుకు, ముడి, పాలపిట్ట, పారిజాతము, రెల్లు, వెన్నెల – ఇన్నియు ఆ యొక్క బొంత చుట్టు తిరుగును. కొన్న బొంతతో ధర యొక్కటే మాటలాడుదుము.

పెరడు తగ్గిపోయినదను మాట నిజమే. మన కుటుంబములలో పెక్కు మేడ యిండ్లలో నున్నవి. కాని కాటుకపిట్టకు మేడకప్పు చాలును. దర్జీపిట్టకు కుండీ చాలును. మనవారు పిచ్చుకలకై వాకిట వ్రేలాడదీయు వరికంకుల కుచ్చు వసారాలో కూడ కట్టవచ్చును. కంకులను అల్లి కుచ్చు కట్టుట స్వయముగా ఒక హస్తకళ. అలవాటుగా ఒక చోట గింజలు, మట్టి మూకుడులో నీరు పెట్టినచో కొలది దినములలోనే ఎవరు వచ్చుచున్నారో తెలియును. చూచుట అభ్యాసమైన తరువాతనే కుట్టుట ఆరంభింపవలెను. కవికైనను ఇదే క్రమము.

మా తీర్పును సంగ్రహముగా చెప్పుదుము. బొంతను మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఇందులో ఎవరైన కట్టి విడిచిన బట్ట కలదా? ఈ కుట్టు పొరలను పట్టుచున్నదా, లేక పైపై శోభకేనా? ఇందలి ఆకును, పూవును, ప్రాణిని కుట్టిన యామె తన కంటితో చూచినదా? మూడింటికిని అవునన్నచో అది ఎంత ముతకదైనను ఉత్తమమైన బొంత. మేపుల్ ఆకు బొంత అమెరికా పెరటిలో ఈ మూడు పరీక్షలను నెగ్గగలదు. మన అంగడిలో రెండవదానిలో మాత్రమే నెగ్గుచున్నది. అదియు కొన్ని వేళలనే.

ఈ సంచిక చేరిన కుటుంబములకు మా విన్నపము ఒక్కటి. వచ్చు ఆశ్వయుజమునకు ఇంటిలోని పాత చీరలను, పంచెలను మూటగట్టి పాతసామాను వానికి వేయకుండ నిలుపుడు. కుట్టుట తెలిసిన పెద్దవారు ఇంటిలో నున్నంతలోనే పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టుడు. నమూనా కొఱకు తెల్లవారుజామున తలుపు తీసి బయటికి చూడుడు. పారిజాతము రాలి యున్నదో, కాటుకపిట్ట వచ్చినదో, చెన్నైలోనైనచో వాన కురియుచున్నదో కనబడును. ఏది కనబడిన దానిని కుట్టుడు. ఆ బొంతను కప్పుకొన్న పిల్లవాడు ‘ఇది యేమి పిట్ట’ యని అడిగిననాడు దాని పేరు తెలుగులో చెప్పుడు.